వేర్వేరు టైమ్ జోన్లలోని సర్వర్లకు మెయింటెనెన్స్ విండో పెట్టే పద్ధతి

"శనివారం రాత్రి 2 గంటలకు న్యూజెర్సీ సర్వర్ల ప్యాచింగ్ ఉంది, నాలుగు గంటలు పడుతుంది, అలర్టులు ఆపగలరు" అని హైదరాబాద్‌లో సర్వర్లను కనిపెట్టి ఉండే ఒక మానిటరింగ్ బృందానికి టికెట్, అంటే పని అభ్యర్థన, వచ్చిందనుకుందాం. ప్యాచింగ్ అంటే సాఫ్ట్‌వేర్‌కు సవరణలు వేయడం; అలాంటి పనికి ముందే కేటాయించి, హెచ్చరికలు (అలర్టులు) ఆపి ఉంచే సమయమే మెయింటెనెన్స్ విండో. చదివినప్పుడు ఇందులో అర్థం కానిదేమీ ఉండదు. టూల్ తెరిచి నమోదు చేయడానికి కూర్చున్నవారికి మాత్రం రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఆ 2 గంటలు న్యూజెర్సీ గడియారంలోనివా, టికెట్ రాసినవారి గడియారంలోనివా? శనివారం రాత్రి 2 అంటే క్యాలెండర్ చూపే శనివారం తెల్లవారుజామా, లేక శనివారం గడిచి ఆదివారం తేదీ పడిన తరువాతి 2 గంటలా? టికెట్ రాసినవారు తెలుగువారైతే రెండో అర్థంలోనే రాసి ఉంటారు. టూల్‌కు మాత్రం మొదటి అర్థమే తెలుసు.

మన పెళ్ళి శుభలేఖలు ఈ చిక్కును ఏనాడో తీర్చాయి. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది కనుక, అర్ధరాత్రి దాటిన ముహూర్తాన్ని "శనివారం రాత్రి 2-35 గంటలకు (తెల్లవారితే ఆదివారం)" అని అచ్చు వేయించేవారు. మెయింటెనెన్స్ టికెట్లలో లోపించేది సరిగ్గా ఆ కుండలీకరణమే. ఏ తేదీ, ఏ వారం, ఎవరి గడియారం అన్న మూడింటినీ అభ్యర్థన దశలోనే రాయించుకోవాలి. ఇవి లేని టికెట్‌ను ఊహతో పూరించి నమోదు చేయడం కంటే, కాస్త విసుక్కున్నా ఫరవాలేదనుకుని వెనక్కి పంపడమే మంచిది.

ఎవరి గడియారాన్ని ప్రమాణంగా తీసుకోవాలి

సర్వర్ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి అర్ధరాత్రే దానికి విశ్రాంతి సమయమని చాలామంది అనుకుంటారు. సర్వర్లు కంపెనీ భవనంలోనే ఒక గదిలో ఉన్న రోజుల్లో అది నిజం. ఇప్పుడు సిడ్నీ శాఖ వాడే అప్లికేషన్ సింగపూర్ డేటా సెంటర్‌లో నడవవచ్చు. సింగపూర్‌లో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలైనప్పుడు సిడ్నీలో ఋతువును బట్టి 4 లేదా 5 గంటలవుతుంది. అక్కడ నాలుగు గంటల విండో పెడితే, పని ముగిసేసరికి సిడ్నీలో 8 లేదా 9 గంటలై, ఆదివారం ఉదయం దుకాణం తెరిచినవారికి బిల్లింగ్ తెర పనిచేయదు. కాబట్టి విండో సమయాన్ని నిర్ణయించేది యంత్రం ఉన్న చోటు కాదు, దాన్ని వాడేవారు నిద్రపోయే చోటు.

ఇంకొక పొరపాటు ఆపరేటింగ్ సిస్టమ్ గడియారాన్ని చూసి నిర్ణయించడం. లినక్స్ సర్వర్లను ప్రపంచంలో ఎక్కడున్నా యూటీసీలోనే (ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయం) నడపడం చాలాచోట్ల ఆనవాయితీ, అది మంచి అలవాటు కూడా. కనుక సర్వర్‌లోకి వెళ్ళి తేదీ అడిగితే వచ్చే జవాబు వాడకందారుల గురించి ఏమీ చెప్పదు. యంత్రాల జాబితాలో ప్రతి యంత్రానికీ "విండో జోన్" అనే ఒక గడిని విడిగా చేర్చి, అందులో వాడకందారుల ఊరి జోన్‌ను నింపాలి. రెండు ఖండాలవారు వాడే యంత్రమైతే ఎవరి రాత్రిని ఎంచుకోవాలన్నది సాంకేతిక నిర్ణయం కాదు. ఆ అప్లికేషన్ యజమాని చేత లిఖితపూర్వకంగా చెప్పించుకోవాలి.

వారాంతం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సౌదీ అరేబియాలో సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం అక్కడ వారంలో మొదటి పనిదినం. యూఏఈ మాత్రం 2022 జనవరి నుంచి శని, ఆదివారాల సెలవుకు మారింది. దుబాయ్, రియాద్ రెండింటినీ "గల్ఫ్ సర్వర్లు" అనే ఒకే గ్రూపులో ఉంచి ఆదివారం తెల్లవారుజామున విండో పెడితే, రియాద్‌వారికి ఆ వారం రీబూట్ ఆలస్యంతోనే మొదలవుతుంది.

జోన్ పేరు రాయాలి, గంటల తేడా రాయకూడదు

మనకు దేశమంతటా ఒకే గడియారం, అది ఏడాది పొడవునా యూటీసీ కంటే 5.30 గంటలు ముందే ఉంటుంది. అందువల్ల టైమ్ జోన్ అంటే మారని ఒక సంఖ్య అన్న భావన మనలో తెలియకుండానే పాతుకుపోయింది. "న్యూయార్క్ అంటే తొమ్మిదిన్నర గంటలు కలుపుకోవాలి" అని ఒకసారి కంఠస్థం చేసినవారు నవంబరులో తప్పక దెబ్బ తింటారు. అక్కడ డేలైట్ సేవింగ్ పేరిట వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరులో వెనక్కి తెస్తారు. జోన్ అంటే సంఖ్య కాదు. ఒక ప్రాంతపు ప్రభుత్వం గడియారం గురించి ఎప్పుడు ఏ నియమం పెట్టిందో చెప్పే చరిత్ర అది. ఆ చరిత్రనంతా ఐఏఎన్ఏ అనే ఇంటర్నెట్ సంస్థ టైమ్ జోన్ డేటాబేస్ భద్రపరుస్తుంది. అందులో పేర్లు ఖండం, ఊరు రూపంలో ఉంటాయి: ఆసియా/కోల్‌కతా, అమెరికా/న్యూయార్క్, యూరప్/లండన్. విండోను ఎక్కడ నమోదు చేసినా ఈ రకం పేరునే ఇవ్వాలి.

పొట్టి అక్షరాలను నమ్మకూడదు. ఐఎస్టీ అంటే మనకు భారత కాలమానం, డబ్లిన్‌లో ఐరిష్ కాలమానం, టెల్ అవీవ్‌లో ఇజ్రాయెల్ కాలమానం. సీఎస్టీ అంటే షికాగో కావచ్చు, చైనా కావచ్చు. ఈఎస్టీ అని జులైలో రాసినవారు నిజానికి న్యూయార్క్‌లో ఆ రోజు గోడ గడియారం చూపే సమయాన్నే ఉద్దేశించి ఉంటారు, కానీ ఈఎస్టీ అన్న పేరుకు అసలు అర్థం శీతకాలపు సమయం కనుక, ఆ అక్షరాలను అక్షరాలా నమ్మే సాఫ్ట్‌వేర్ ఒక గంట తప్పుతుంది. దీనికి విరుద్ధంగా, మైక్రోసాఫ్ట్ విండోస్‌లో "ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్" అన్న జోన్ పేరు శీతకాలానికీ వేసవికీ రెంటికీ వర్తిస్తుంది. పేరులో స్టాండర్డ్ అని ఉందని వేసవిలో దాన్ని మార్చబోయేవారిని ఆపాలి.

అన్నిటికంటే గడుసైనది "ఈటీసీ/జీఎంటీ+5" తరహా పేరు. పాత యూనిక్స్ సంప్రదాయం వల్ల ఇందులో గుర్తులు తలకిందులుగా ఉంటాయి: ప్లస్ 5 అంటే గ్రీనిచ్‌కు ఐదు గంటలు వెనుక, అంటే న్యూయార్క్ శీతకాలపు సమయం. పాకిస్థాన్ సర్వర్ కోసం జాబితాలో ప్లస్ 5 కనబడగానే ఎంచుకుంటే, పది గంటల దూరంలో విండో తెరుచుకుంటుంది. జాబితాలో ఊరి పేరు దొరుకుతున్నంత కాలం వీటి జోలికి పోనవసరం లేదు.

ఒకే దేశం కదా అని ఒకే జోన్ ఇవ్వడమూ తప్పే. ఫీనిక్స్ నగరం డేలైట్ సేవింగ్ పాటించదు, పక్కనే ఉన్న డెన్వర్ పాటిస్తుంది. సిడ్నీ పాటిస్తుంది, బ్రిస్బేన్ పాటించదు. వేసవిలో ఈ జంటల మధ్య గంట తేడా వచ్చి, శీతకాలంలో పోతుంది.

గడియారం జరిగే ఆదివారాలు

అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతున్నారు. రెండూ స్థానిక సమయం 2 గంటలకు జరుగుతాయి. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం, డేలైట్ సేవింగ్ పాటించే అన్ని దేశాల్లోనూ ఒకేసారి యూటీసీ 1 గంటకు మారుస్తారు. సిడ్నీ దక్షిణార్ధగోళంలో ఉంది కనుక అక్కడ క్రమం తిరగబడి, అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది.

ఈ మార్పు ఎప్పుడు జరుగుతోందో గమనించారా? ఆదివారం తెల్లవారుజామున, ఎవరికీ ఇబ్బంది కలగని వేళ చూసి పెట్టారు. మెయింటెనెన్స్ విండోలను కూడా ప్రపంచమంతా అదే కారణంతో అదే వేళకు పెడుతుంది. అందుకే ఈ రెండూ ఢీకొనడం అరుదైన యాదృచ్ఛికం కాదు, ఏడాదికి రెండుసార్లు ఖాయంగా జరిగే సంగతి.

ఆదివారం తెల్లవారుజామున 2 గంటలను హైదరాబాద్ నుంచి చూస్తే ఎలా ఉంటుందో లెక్క వేద్దాం. సిడ్నీలో ఆ వేళ మనకు శనివారం రాత్రి 8.30 (వాళ్ళ శీతకాలంలో 9.30). సింగపూర్‌కు శనివారం రాత్రి 11.30, దుబాయ్‌కి ఆదివారం తెల్లవారుజామున 3.30, ఈ రెండూ ఎప్పుడూ మారవు. లండన్‌కు ఉదయం 7.30, వేసవిలో 6.30. న్యూయార్క్‌కు మధ్యాహ్నం 12.30, వేసవిలో 11.30. లాస్ ఏంజెలెస్‌కు మధ్యాహ్నం 3.30, వేసవిలో 2.30. ఒకే "ఆదివారం 2 గంటలు" మన షిఫ్టుల్లో శనివారం రాత్రి భోజనాల వేళ మొదలై ఆదివారం మధ్యాహ్నం నిద్ర దాకా సాగుతుంది.

ఒక గంట జరిగితే ఏమవుతుందో నేను పనిచేసిన ఒక బృందంలో దగ్గరగా చూశాను. న్యూయార్క్ సర్వర్ల ప్యాచింగ్ అక్కడి 2 గంటలకు వాటంతట అవే మొదలయ్యేలా ఏర్పాటు ఉండేది. అలర్టులను ఆపే విండోను మాత్రం ఎవరో శీతకాలంలో మన సమయం ప్రకారం ఆదివారం 12.30 నుంచి 2.30 వరకు పెట్టి వదిలేశారు. గడియారం మారిన తరువాతి ఆదివారం 11.30 గంటలకే సర్వర్లు రీబూట్ కావడం మొదలై, ఒక గంట పాటు ఆన్‌కాల్‌లో ఉన్నవారి ఫోన్ ఆగకుండా మోగింది. అందరూ ఆ మోతనే గుర్తుంచుకున్నారు. అసలు నష్టం విండో చివరి గంటలో ఉంది. పని 1.30కే ముగిసింది, విండో 2.30 దాకా తెరిచే ఉంది. ఆ మధ్యలో ఒక డేటాబేస్ సర్వర్ డిస్క్ నిండిపోతుంటే, అలర్టు పుట్టి కూడా ఎవరికీ చేరలేదు. గంట తప్పిన విండో ముందు ఒక గంట అనవసరపు గోల చేస్తుంది, చివర ఒక గంట అవసరమైన మాటను నొక్కేస్తుంది. ఆ రెండోదానికి ఫిర్యాదు చేసేవారు ఉండరు కనుక అది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

గడియారం ముందుకు జరిగే రోజున కొన్ని నిమిషాలు అసలు ఉండవు. 2026 మార్చి 8న న్యూయార్క్‌లో 2.30 గంటలు అన్నది లేదు, 1.59 తరువాత నేరుగా 3.00. ఆ సమయానికి పెట్టిన పనిని కొన్ని టూళ్ళు 3.30కి చేస్తాయి, కొన్ని 3.00కి చేస్తాయి, కొన్ని ఆ వారానికి వదిలేస్తాయి. నవంబరు 1న 1.30 గంటలు రెండుసార్లు వస్తుంది. జాగ్రత్త లేని షెడ్యూలర్ అయితే సర్వర్‌ను రెండుసార్లు రీబూట్ చేస్తుంది. షికాగోలో 1 నుంచి 4 గంటల దాకా పెట్టిన విండో మార్చి 8న నిజానికి రెండే గంటలు, నవంబరు 1న నాలుగు గంటలు. విండోను "మొదలు, ముగింపు" రూపంలో కాక "మొదలు, వ్యవధి" రూపంలో ఇవ్వడానికి ఇదే కారణం.

రెండు ఖండాల మధ్య జత కట్టిన సర్వర్లకు ఇంకా సూక్ష్మమైన ప్రమాదం ఉంది. లండన్‌లో ప్రధాన సర్వర్, న్యూయార్క్‌లో దానికి తోడుగా నిలబడే సర్వర్ ఉన్నాయనుకుందాం. లండన్ విండో ఆదివారం అక్కడి 2.00 నుంచి 6.30 వరకు, న్యూయార్క్ విండో అక్కడి 2.00 నుంచి. మామూలు రోజుల్లో రెండు ఊళ్ళ మధ్య ఐదు గంటల తేడా ఉంటుంది కాబట్టి లండన్ పని ముగిసిన అరగంటకు న్యూయార్క్ పని మొదలవుతుంది. అయితే 2026లో అమెరికా మార్చి 8నే మారుతుంది, బ్రిటన్ 29న గానీ మారదు. ఆ మధ్య తేడా నాలుగు గంటలే. మార్చి 15, 22 ఆదివారాల్లో న్యూయార్క్ సర్వర్ లండన్ సర్వర్ లేవకముందే అరగంట ముందు పడుకుంటుంది. శరదృతువులో అక్టోబరు 25న ఇదే మళ్ళీ జరుగుతుంది, ఎందుకంటే బ్రిటన్ ఆ రోజే వెనక్కి వస్తుంది, అమెరికా నవంబరు 1 దాకా ఆగుతుంది. ఏడాదిలో 49 ఆదివారాలు సవ్యంగా నడిచి మూడు ఆదివారాలు జత మొత్తం కూలే ఏర్పాటు ఇది. జత సర్వర్ల విండోల మధ్య కనీసం రెండు గంటల ఖాళీ ఉంచాలి, లేదా వాటిని వేర్వేరు రోజులకు మార్చాలి. నా మటుకు నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

మరి ఏ వేళ క్షేమం? డేలైట్ సేవింగ్ పాటించే అమెరికా, యూరప్ ఊళ్ళలో శనివారం రాత్రి 10 గంటలకు మొదలుపెట్టి 12.30 లోపు ముగించడం, లేదా ఆదివారం 4.30 తరువాత మొదలుపెట్టడం మేలు. తప్పనిసరిగా 1 నుంచి 4 మధ్యనే చేయాలంటే, మార్పు జరిగే రెండు ఆదివారాలను ఆ నెల షెడ్యూలు నుంచి తీసివేసి పక్క వారానికి జరపాలి. అన్నిచోట్లా మార్పు 2 గంటలకే ఉండదు. ఈజిప్టులో ఏప్రిల్ చివరి శుక్రవారం అర్ధరాత్రి గడియారం జరుగుతుంది. కైరోకు పై సూత్రం పనికిరాదు.

టూల్‌లో నమోదు చేసేటప్పుడు

ప్రతి టూల్ సమయాన్ని తనదైన తీరులో అర్థం చేసుకుంటుంది. జాబిక్స్ అనే మానిటరింగ్ టూల్‌లో ఒక్కసారికి మాత్రమే వర్తించే మెయింటెనెన్స్ నమోదు చేస్తే, నమోదు చేసిన వ్యక్తి ప్రొఫైల్‌లోని జోన్‌ను తీసుకుంటుంది. రోజూ, వారానికోసారి, నెలకోసారి వచ్చేవాటికి మాత్రం జాబిక్స్ సర్వర్ జోన్‌ను తీసుకుంటుంది. ఒకే వ్యక్తి ఒకే తెరపై రెండు రకాలూ నమోదు చేసి రెండు వేర్వేరు వేళల్లో తెరుచుకోవడం చూసి తల పట్టుకునేది ఇక్కడే. సర్వర్‌ను, తెరను, వాడేవారి ప్రొఫైళ్ళను ఒకే జోన్‌లో, వీలైతే యూటీసీలో ఉంచితే ఈ గందరగోళం పోతుంది. విండో మధ్యలో గడియారం జరిగినా జాబిక్స్ వ్యవధిని మార్చదు: రెండు గంటలంటే నిజమైన రెండు గంటలే.

ఆ తరువాత ఇంకో సమస్య మిగులుతుంది. సర్వర్ జోన్ యూటీసీ అయినప్పుడు, న్యూయార్క్ విండో వేసవిలో 6 గంటలకు, శీతకాలంలో 7 గంటలకు మొదలవ్వాలి. దీనికి ఒకే శాశ్వత నమోదు సరిపోదు. రెండు నమోదులు చేసి, ఒక్కొక్కదానికి అది వర్తించే తేదీల పరిధిని, అంటే మార్చి నుంచి నవంబరు దాకా ఒకటి, నవంబరు నుంచి మార్చి దాకా ఒకటి ఇవ్వాలి. ఏటా ఆ తేదీలను మార్చే పనిని జనవరి మొదటి వారంలో ఒకరి పేరిట పెట్టాలి. యంత్రాలు ఎక్కువగా ఉంటే, జోన్ పేరు తెలిసిన ఒక చిన్న స్క్రిప్టు ప్రతి వారం మరుసటి వారపు విండోలను లెక్కగట్టి ఏపీఐ (ప్రోగ్రాములు టూల్‌తో నేరుగా మాట్లాడే దారి) ద్వారా నమోదు చేయడం అంతకంటే నమ్మకమైన మార్గం.

ప్రోమీథియస్ అనే మానిటరింగ్ టూల్ వాడేవారికి అలర్టులను పంపే అలర్ట్‌మేనేజర్‌లో సమయ పరిధులు ఏమీ చెప్పకపోతే యూటీసీలో ఉంటాయి, కొత్త వెర్షన్లలో ఊరి పేరు ఇవ్వవచ్చు. అందులో ఒక నియమం ఉంది: పరిధి అర్ధరాత్రిని దాటకూడదు. శనివారం 22.00 నుంచి ఆదివారం 2.00 వరకు కావాలంటే, శనివారం 22.00 నుంచి 24.00 వరకు ఒకటి, ఆదివారం 00.00 నుంచి 2.00 వరకు ఒకటి, రెండు ముక్కలుగా రాయాలి. వారాన్ని మార్చడం మరచి రెండు ముక్కలకూ శనివారమే రాయడం తరచుగా కనబడే పొరపాటు. నాగియోస్ కోర్ అనే మరో టూల్‌లో స్థిరమైన డౌన్‌టైమ్‌తో (అక్కడ మెయింటెనెన్స్ విండో పేరు అదే) పాటు సడలింపు ఉన్న డౌన్‌టైమ్ అనే రకం ఉంది. దానికి ఒక పెద్ద పరిధి ఇస్తే, ఆ పరిధిలో యంత్రం ఎప్పుడు పడిపోతే అప్పటి నుంచే వ్యవధి లెక్క మొదలవుతుంది. దూరపు శాఖలో ఎవరు ఏ నిమిషానికి రీబూట్ చేస్తారో తెలియనప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుంది. ఇక అమెజాన్ క్లౌడ్‌లో అద్దెకు దొరికే ఆర్‌డీఎస్ డేటాబేస్ విండోలు యూటీసీలో మాత్రమే ఇవ్వగలం కనుక, అవి స్థానిక గడియారంలో ఏటా రెండుసార్లు గంట అటూ ఇటూ జరుగుతాయి; రెండు ఋతువుల్లోనూ ఇబ్బంది లేని గంటను ఎంచుకోవడమే దారి. లినక్స్‌లో చెప్పిన వేళకు పనులు నడిపే సిస్టమ్‌డీ టైమర్లు సమయం చివర జోన్ పేరును స్వీకరిస్తాయి. యూటీసీలో నడిచే సర్వర్‌పై షికాగో సమయానికి పని చేయించడానికి అదే సులువు.

టూల్ ఏదైనా, అలర్టులను ఆపడం వేరు, కొలతలను ఆపడం వేరు. జాబిక్స్ లాంటివాటిలో మెయింటెనెన్స్ పెట్టేటప్పుడు డేటా సేకరణ ఉంచాలా వద్దా అని అడుగుతుంది. ఉంచాలి. ప్యాచ్ తరువాత మెమరీ వాడకం ఎలా మారిందో, సర్వీసు ఎన్ని నిమిషాలకు లేచిందో చెప్పేది ఆ గ్రాఫే. మానిటరింగ్ విండోను పని విండో కంటే ముందు పది నిమిషాలు, తరువాత ఇరవై నిమిషాలు వెడల్పుగా ఉంచితే చాలు. భయంతో రెండేసి గంటలు పెంచితే, పైన చెప్పిన డిస్క్ కథ మళ్ళీ మొదలవుతుంది.

రెండో మంగళవారం, రెండో శనివారం

మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లను ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికా పసిఫిక్ సమయం ఉదయం 10 గంటలకు విడుదల చేస్తుంది. మనకు అది వేసవిలో రాత్రి 10.30, శీతకాలంలో 11.30, సిడ్నీలో అప్పటికే బుధవారం. కాబట్టి సిడ్నీ సర్వర్లకు "ప్యాచ్ మంగళవారం రాత్రి" అని విండో పెడితే ప్యాచ్‌లు ఇంకా పుట్టకముందే అది ముగిసిపోవచ్చు.

"రెండో మంగళవారం తరువాతి శనివారం" అన్నదాన్ని "రెండో శనివారం" అని నమోదు చేయడం ఇంకో తప్పు. 2026 సెప్టెంబరులో ప్యాచ్ మంగళవారం 8వ తేదీ, దాని తరువాతి శనివారం 12, అది రెండో శనివారమే. ఏప్రిల్‌లో మంగళవారం 14వ తేదీ, తరువాతి శనివారం 18, అది మూడోది. రెండో శనివారం 11న, ప్యాచ్‌ల కంటే మూడు రోజులు ముందే వెళ్ళిపోయింది. టూల్‌లో "రెండో మంగళవారం నుంచి ఇన్ని రోజులకు" అని చెప్పే వీలుంటే దాన్నే వాడాలి. లేకపోతే పన్నెండు తేదీలనూ ఏడాది మొదట్లోనే చేత్తో రాసి పెట్టుకోవాలి.

నమోదు చేశాక సరిచూడటం

నమోదు సరిగా ఉందని టూల్ తెరపై కనబడే వాక్యాన్ని చూసి సంతృప్తి పడకూడదు. రాబోయే ఏడాదిలో ఆ విండో తెరుచుకునే ప్రతి సందర్భాన్నీ స్థానిక సమయం, యూటీసీ, భారత సమయం అనే మూడు నిలువు వరుసల్లో స్ప్రెడ్‌షీట్‌లోకి దించాలి. స్థానిక వరుస అంతటా ఒకే గంట కనబడాలి. యూటీసీ వరుసలో ఏడాదికి రెండు చోట్ల గంట మారాలి. యూటీసీ వరుస మారకుండా స్థానిక వరుస మారుతోందంటే ఎక్కడో జోన్ బదులు గంటల తేడా నమోదైందన్నమాట. లినక్స్‌లో జెడ్‌డంప్ అనే ఆదేశం ఒక జోన్‌లో గడియారం ఎప్పుడెప్పుడు జరుగుతుందో సెకనుతో సహా చూపిస్తుంది. ఆ తేదీలతో వరుసలను పోల్చాలి.

ఆ ఆదేశం చూపేది సర్వర్‌పై ఉన్న జోన్ డేటాబేస్ నకలునే. అది పాతదైతే జవాబూ పాతదే. బ్రెజిల్ 2019లో డేలైట్ సేవింగ్‌ను రద్దు చేసింది, మెక్సికో 2022లో సరిహద్దు పట్టణాలను మినహాయించి చాలాభాగం రద్దు చేసింది, ఈజిప్టు 2023లో తిరిగి తెచ్చింది. 2018 నుంచి మొరాకో ఏడాదంతా యూటీసీకి గంట ముందు ఉండి, రంజాన్ నెలలో మాత్రం వెనక్కి వస్తోంది. రంజాన్ మన క్యాలెండర్‌లో ఏటా వేరే తేదీల్లో వస్తుంది కనుక గడియారం మారే తేదీలూ మారతాయి. లెబనాన్ 2023 మార్చిలో కొద్ది రోజుల ముందు మార్పును వాయిదా వేసి, దేశంలో సగం మంది ఒక సమయం, సగం మంది ఇంకో సమయం పాటించాక ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఇలాంటి దేశాల్లో సర్వర్లు ఉన్నవారు జోన్ డేటా ప్యాకేజీని సాధారణ ప్యాచింగ్‌తో పాటు కాక, విడుదలైన వెంటనే విడిగా వేయాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను తాజా చేస్తే సరిపోదు. జావా ప్రోగ్రాములను నడిపే వేదిక తన నకలును తానే మోస్తుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పట్టికల్లోకి జోన్ డేటాను విడిగా ఎక్కించాలి. అప్లికేషన్‌ను కావలసినవాటితో సహా ఒకే పొట్లంగా నడిపే కంటెయినర్లలో, ఆ పొట్లం (ఇమేజ్) తయారైన రోజు నాటి జోన్ డేటానే మిగులుతుంది.

ఇప్పుడు మొదటి టికెట్‌ను, మొదలయ్యే వేళను పైన చెప్పిన క్షేమమైన 4.30కు జరిపి, తిరిగి రాస్తే ఇలా ఉంటుంది: "న్యూజెర్సీ వెబ్ సర్వర్లు, జోన్ అమెరికా/న్యూయార్క్. మొదలు 2026 జూన్ 14, ఆదివారం 4.30, వ్యవధి 4 గంటలు. యూటీసీ జూన్ 14, 8.30. భారత సమయం జూన్ 14, ఆదివారం మధ్యాహ్నం 2.00 నుంచి 6.00. అలర్టులు భారత సమయం 1.50 నుంచి 6.20 వరకు ఆపాలి, డేటా సేకరణ ఆపకూడదు." నెలను అక్షరాల్లో రాయడానికి కారణం, 06/07 అని రాస్తే అమెరికావారు జూన్ 7 అనీ మనం జులై 6 అనీ చదువుతాం. రాత్రి 12 గంటలు అని కూడా ఎక్కడా రాయకూడదు. అది ముగిసే రోజుదో మొదలయ్యే రోజుదో ఎవరికీ తెలియదు కనుక 23.59 లేదా 00.01 అనాలి.

పని అనుకున్నదానికంటే ముందే ముగిస్తే విండోను దాని మానాన గడవనివ్వకుండా, అన్ని సర్వీసులూ పచ్చగా మారాయని చూసి వెంటనే మూసివేయాలి. ఆలస్యమైతే పొడిగించే అధికారం ఆ షిఫ్టులో ఎవరిదో పేరు టికెట్‌లో ముందే ఉండాలి, ఎందుకంటే న్యూజెర్సీ సర్వర్ల విండో ముగిసే ఆదివారం సాయంత్రం 6 గంటలకు అప్లికేషన్ యజమాని అక్కడ ఇంకా నిద్ర లేచి ఉండకపోవచ్చు.